జాబితాలో 14, చూసినవి 7: దసరా సెలవుల్లో అరకు

దసరా సెలవులు బడికి, మాకు కాదు. పెద్దది రెండో తరగతి, చిన్నోడికి మూడున్నరేళ్ళు. 2024లో అక్టోబర్ 2 నుంచి 14 దాకా వాళ్ళకి బడి లేదు. మా ఇద్దరికీ కలిసొచ్చిన లీవు మూడు రోజులే. పైగా పదో తారీఖు సద్దుల బతుకమ్మ. ఆ రోజు తంగేడు, గునుగు పూలు తెచ్చి బతుకమ్మ పేర్చకుండా ఎక్కడో కొండల్లో తిరుగుతామంటే అత్తమ్మ ఒప్పుకోదు. అందుకని ఐదో తారీఖు శనివారం సాయంత్రం హైదరాబాద్‌లో రైలెక్కడం, పదో తారీఖు పొద్దునకి ఇంట్లో ఉండడం. మధ్యలో విశాఖ, అరకు.

మా ఆయన ఫోన్లో 14 చోట్ల జాబితా రాసుకున్నాడు. రోజుకి నాలుగు చొప్పున చూసేస్తామని ధీమా. పిల్లలు పుట్టకముందు మేమిద్దరం అలాగే తిరిగేవాళ్ళం కూడా. ఇప్పుడు మాతో ఒక మధ్యాహ్నం నిద్ర, ఒక మోకాళ్ళ నొప్పి కూడా ప్రయాణం చేస్తున్నాయన్న సంగతి ఆ జాబితాకి తెలీదు.

రైలు టికెట్ల దగ్గరే మొదటి చర్చ. ఐదేళ్ళలోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు, బెర్తూ ఇవ్వరు. ఐదు దాటితే బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. చిన్నోడు నా బెర్తులోనే పడుకుంటాడులే అనుకున్నాం. పడుకున్నాడు, అడ్డంగా. నేను రాత్రంతా అంచున కూర్చున్నాను. తిరుగు ప్రయాణానికి పూర్తి చార్జీ పెట్టి వాడికీ ఒక బెర్తు కొన్నాం. ఈ మొత్తం యాత్రలో పెట్టిన డబ్బుల్లో నేను ఒక్కసారి కూడా బాధపడనిది అదే.

హైదరాబాద్ నుంచి రాత్రి రైళ్ళు తెల్లారేసరికి విశాఖ చేరతాయి. అరకు మీదుగా వెళ్ళే కిరండుల్ రైలు ఉదయం ఏడు లోపే బయల్దేరుతుంది. ఇది దిగి అది ఎక్కేయొచ్చు అని చాలామంది చెప్తారు, మా ఆయన ప్లానూ అదే. అరగంట ఆలస్యమైతే? ఇద్దరు పిల్లలు, నాలుగు బ్యాగులు, మెట్లెక్కలేని పెద్దావిడతో ప్లాట్‌ఫాం మారే టెన్షన్ నాకొద్దన్నాను. ఆదివారం విశాఖలో ఆగాం.

స్టేషన్ దగ్గర మామూలు లాడ్జిలో దిగాం. బీచ్ వైపు హోటళ్ళు బాగుంటాయి, కాదనను. కానీ పొద్దున ఆరింటికి దిగి, మర్నాడు ఆరింటికి బయల్దేరే మాకు 24 గంటల చెకౌట్ ఉన్న లాడ్జే సరిగ్గా సరిపోయింది. మధ్యాహ్నం పన్నెండు చెకౌట్ పద్ధతైతే అదే బసకి రెండు రోజుల డబ్బు అడుగుతారు. గది చిన్నది, కిటికీ తీస్తే ఆటోల హారన్లు. బాత్‌రూమ్ మాత్రం శుభ్రంగా ఉంది, బకెట్లో వేడినీళ్ళు వచ్చాయి. పిల్లలతో ఉన్నప్పుడు నేను హోటల్‌కి వేసే మార్కుల్లో సగం ఆ బకెట్‌కే.

విశాఖలో మేం చూసింది ఆర్కే బీచ్, దాని ఒడ్డునే ఉన్న కురుసుర జలాంతర్గామి. ఇది 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి మ్యూజియం. సోమవారం సెలవు కాబట్టి ఆదివారమే వెళ్ళాం, ఆదివారం క్యూ మామూలుగా లేదు. నలభై నిమిషాలు నిలబడ్డాం. లోపల 91 మీటర్ల పొడవునా ఇరుకు దారి, గదికీ గదికీ మధ్య గుండ్రటి కంతలాంటి తలుపు. పెద్దవాళ్ళందరం నడుం వంచి, కాలు ఎత్తి, తల కాపాడుకుంటూ దూరుతున్నాం. మా చిన్నోడు మాత్రం ఒక్క కాలు ఎత్తి నిటారుగా నడిచిపోయాడు. తన ఎత్తుకి తగ్గట్టు కట్టిన ఇల్లు వాడు మొదటిసారి చూశాడు. ప్రతి తలుపు దగ్గరా ఆగి, వెనక్కి తిరిగి, వాళ్ళ నాన్న వంగడం చూసి నవ్వడం. పెద్దది గైడ్‌ని ఒక్కటే అడిగింది: ఇందులో డెబ్బై మందికి పైగా ఉండేవాళ్ళన్నారు కదా, అందరికీ బాత్‌రూమ్‌లు ఎన్ని అని. ఆయన నవ్వి, ఒక చిన్న తలుపు చూపించాడు. దాని మొహం చూడాలి.

అత్తమ్మ లోపలికి రాలేదు, మెట్లు ఎక్కడం కష్టం. బీచ్ గోడ మీద కూర్చుని మొక్కజొన్న పొత్తు తింది. ఎదురుగా రోడ్డవతల ఉన్న టీయూ-142 విమానం మ్యూజియం కూడా జాబితాలో ఉంది. చిన్నోడు అప్పటికే భుజం మీద నిద్రపోయాడు. వదిలేశాం. ఆర్కే బీచ్‌లో పిల్లల్ని పాదాలు తడిసేంతవరకే వదలండి, అక్కడ అలలు లోపలికి లాగేస్తాయి.

సోమవారం కిరండుల్ రైలు. 2017 నుంచి దీనికి విస్టాడోమ్ పెట్టె తగిలిస్తున్నారు: పెద్ద పెద్ద అద్దాలు, పైకప్పులోనూ అద్దం, తిరిగే సీట్లు. టికెట్ ధర మామూలు పెట్టెకి ఎన్నో రెట్లు. తీసుకోవాలా వద్దా అంటే, నా సమాధానం పిల్లల వయసును బట్టి మారుతుంది. అద్దాలు తెరుచుకోవు, తల బయట పెట్టే భయం లేదు, అది పెద్ద లాభం. సీటు గుండ్రంగా తిరగడం చిన్నోడికి కొండల కన్నా గొప్పగా అనిపించింది. మొదటి గంట వాడు బయటికి చూడనే లేదు. వెనక మామూలు పెట్టెలో మాత్రం జామకాయలు, ఉడికించిన పల్లీలు, గాలి, పాటలు. పదేళ్ళు దాటిన పిల్లలైతే నేను అదే ఎక్కుతాను.

శృంగవరపుకోట దాటాక కొండలు మొదలు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960ల్లో వేసిన లైను ఇది. మొత్తం మీద 58 సొరంగాలని చెప్తారు. పెద్దది నోట్‌బుక్ తీసి గీతలు పెట్టడం మొదలుపెట్టింది. సొరంగం వచ్చిన ప్రతిసారీ పెట్టె మొత్తం, పెద్దవాళ్ళతో సహా, ఒక్క కేక. చిన్నోడు మొదటి సొరంగానికి నా మెడ గట్టిగా పట్టుకున్నాడు, మూడోదానికి కేక పెట్టాడు, ఆరో దానికి వెలుతురు రాగానే "మళ్ళీ చీకటెప్పుడు" అని ఏడుపు. పెద్దది 23 గీతల దాకా పెట్టింది, ఇడ్లీ పొట్లం విప్పే హడావిడిలో లెక్క తప్పింది, తప్పు నాదేనని ఇప్పటికీ అంటుంది. అరకు ముందు వచ్చే సిమిలిగుడ స్టేషన్ ఎత్తు 996 మీటర్లు. అక్కడ రైలు ఆగగానే తలుపు దగ్గర చల్లగాలి తగిలింది. అత్తమ్మ బ్యాగులోంచి శాలువా తీసింది, చేతిలో సిద్ధంగా ఉంచుకున్నట్టే.

రైల్లో వెళ్ళి కారులో రావడం మంచిది, రెండు వైపులా రైలు వద్దు. ఈ మాట ఎవరడిగినా చెప్తున్నాను. రోడ్డు దారి 115 కిలోమీటర్ల చిల్లర, మధ్యలో ఎక్కడ కావాలంటే అక్కడ ఆగొచ్చు.

ఇక బస. పర్యాటక శాఖ హరిత వాళ్ళ కాటేజీలు ఊళ్ళోనే ఉంటాయి, మంచి చోటు. మేం చూసేసరికి నిండిపోయాయి, దసరాకి నెల ముందే బుక్ చేసుకోవాలి, తప్పు మాదే. ఒక ప్రైవేటు రిసార్ట్ దొరికింది, పేరు చెప్పను. ఫొటోల్లో ఉయ్యాల, జారుడుబల్ల ఉన్నాయి. పిల్లలకి ఆ ఫొటో చూపించే తీసుకెళ్ళాం. తీరా చూస్తే ఉయ్యాలకి ఒకవైపు గొలుసు లేదు, జారుడుబల్ల కింద వాన నీళ్ళ గుంట. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఎనిమిది వరకే. ఎక్స్‌ట్రా బెడ్ అని రోజుకి 800 తీసుకుని, చాప కన్నా కాస్త మందంగా ఉన్న పరుపొకటి పరిచారు. ఫోన్లో గ్రౌండ్ ఫ్లోర్ గది కావాలని రెండుసార్లు చెప్పినా పైన ఇచ్చారు. అరగంట వాదిస్తే కిందికి మార్చారు. అత్తమ్మ "పోనీలే బిడ్డా" అంటూనే ఉంది, కానీ ఇలాంటివి పోనివ్వకూడదు.

ఆ రిసార్ట్ పరువు కాపాడింది అక్కడ పనిచేసే కుర్రాడు ఒక్కడే. రాత్రి తొమ్మిదిన్నరకి చిన్నోడు పాలు కావాలని లేచాడు. వంటగది మూసేశారు. ఆ అబ్బాయి ఎక్కడికో వెళ్ళి ఒక గ్లాసు పాలు, ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చిచ్చాడు. డబ్బులిస్తే "పాలకి చాలండి" అని మిగతాది వెనక్కిచ్చాడు. మర్నాడు పొద్దున ఇంకో ఫ్లాస్కు అడక్కుండానే గుమ్మం ముందు ఉంది.

అరకులో మంగళవారం ఒక్కటే పూర్తి రోజు. ఆ రోజుకి జాబితాలో ఆరు చోట్లు. పొద్దున పద్మాపురం గార్డెన్స్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలైన తోటట. మా పిల్లలకి మాత్రం అది బుల్లి రైలున్న తోట. మూడుసార్లు ఎక్కారు. నాలుగోసారికి డబ్బులివ్వనంటే ఇద్దరూ ఒక్కటై సమ్మె చేశారు. ఊళ్ళోని గిరిజన మ్యూజియంలో పనిముట్లు, నగలు, థింసా నాట్యం చేస్తున్న బొమ్మలు ఉన్నాయి. పెద్దది శ్రద్ధగా చూసింది. చిన్నోడికి అందులో 20 నిమిషాలు ఓపిక, ఆ తర్వాత బొమ్మల మధ్యలో దాగుడుమూతలు. దాని దగ్గరే కాఫీ మ్యూజియం. కాఫీ పూల నుంచి గింజ దాకా కథ గోడల మీద ఉంది, కానీ అందరూ వెళ్ళేది కౌంటర్ దగ్గరికే. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని మా ఆయన అత్తమ్మకి వివరిస్తున్నాడు. ఆవిడ ఒక గుక్క తాగి, "చక్కెర ఎయ్యమను, ఎంత గుర్తింపొస్తే మాత్రం" అంది. చాక్లెట్లు కొన్నాం. కాఫీపొడి ప్యాకెట్టు నాకోసం.

మధ్యాహ్నం చాపరాయి జలపాతానికి వెళ్ళాలి. రెండింటికి వాన పట్టుకుంది. అక్టోబర్ మొదటి వారమంటే అక్కడ వానలు పూర్తిగా తగ్గవు. పచ్చదనం బాగుంటుంది, కానీ పసుపు పచ్చని వలిసె పూల పొలాలు చూడాలంటే ఇంకో నెల ఆగాలి. ఆ మధ్యాహ్నం అందరం దుప్పట్లు కప్పుకుని నిద్రపోయాం. మా ఇంట్లో నలుగురు ఒకేసారి మధ్యాహ్నం నిద్రపోవడం ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. మా ఆయన మాత్రం కిటికీ దగ్గర కూర్చుని జాబితా చూసుకుంటున్నాడు.

బుధవారం కారులో దిగాం. మనిషికి ఇంతని కాకుండా బొర్రా, గాలికొండ చూపించి విశాఖ స్టేషన్‌లో దింపడానికి మొత్తం 4,500 మాట్లాడుకున్నాం. డ్రైవర్ విశాఖ ఆయన. దారిలో హుద్‌హుద్ మాట వచ్చింది. "ఈ 12కి పదేళ్ళండి, అదే రోజు దసరా" అన్నాడు. 2014 అక్టోబర్ 12న ఆ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. అక్టోబర్‌లో ఇటు వచ్చేవాళ్ళు వాతావరణ వార్త చూడకుండా టికెట్లు బుక్ చేయొద్దని కూడా ఆయనే చెప్పాడు.

గాలికొండ దగ్గర మిరియాల తీగలు పాకిన చెట్ల కింద కాఫీ తోటలు చూసి, మళ్ళీ కారెక్కిన పది నిమిషాలకి పెద్దది వాంతి చేసుకుంది. పొద్దున బయల్దేరే ముందు దానికి గ్లాసుడు పాలు పట్టించింది నేనే. డ్రైవర్ డాష్‌బోర్డులోంచి కవరు, ఒక నిమ్మకాయ తీసిచ్చాడు. "ఘాట్ రోడ్‌కి పాలేటమ్మా, ఉప్మా పెట్టాల" అన్నాడు. ఆ తర్వాత ప్రతి మలుపులోనూ నిదానంగా పోనిచ్చాడు, మేం అడగకుండానే.

బొర్రా గుహలు చిన్నపిల్లలతో చూడదగ్గవేనా? చూడదగ్గవే, కానీ నా లెక్కలో పిల్లలు ఐదు దాటాక. లోపల సున్నపురాయి స్తంభాలు, పైనుంచి వేలాడే ఊడలు, రంగురంగుల దీపాలు, అంత పెద్ద చీకటి గది నేనెక్కడా చూడలేదు. గుహల మీదుగానే రైలు పట్టాలు పోతాయన్నది పెద్దదానికి తెగ నచ్చింది. కానీ మెట్లు చాలా ఉన్నాయి, తడి, నాచు. బయట కోతులు చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉంటే లాక్కుపోతాయి. చిన్నోడిని మా ఆయన దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు మొత్తం ఎత్తుకున్నాడు. పైనున్న కంతలోంచి ఒక ఆవు లోపల పడిందని, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి శివలింగం కనపడిందని ఇక్కడ చెప్పుకునే కథ. ఈ గుహల్లోంచి పారే గోస్తనీ నది పేరు కూడా ఆ ఆవుతోనే ముడిపెడతారు. నేను కథ చెప్పి, చూడు ఆ కంతే అని చూపించాను. చిన్నోడు అప్పటిదాకా గబ్బిలాల కోసం వెతుకుతున్నవాడు ఆగి, "ఆవుకి దెబ్బ తగిలిందా?" అన్నాడు. తగల్లేదన్నాను. "ఎవరు తీశారు బయటికి?" దానికి నా దగ్గర జవాబు లేదు. విశాఖ చేరేదాకా అడుగుతూనే ఉన్నాడు.

అత్తమ్మ గుహ ముందర కూర్చుని ఉంది. మేం వచ్చేసరికి పక్కనున్న బొంగు చికెన్ బండి ఆవిడతో మాట కలిపి, వెదురు గొట్టంలో ఏమేం కూరుతారో, ఎంతసేపు కాలుస్తారో మొత్తం తెలుసుకుంది. కారం తక్కువ, నూనె లేదు, పిల్లలిద్దరూ మాట్లాడకుండా తిన్నారు. నాలుగు రోజుల్లో అలా తిన్న పూట అదొక్కటే.

పదో తారీఖు పొద్దున ఇంటికొచ్చాం. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను, మా ఆయన గునుగు పూల కోసం మార్కెట్‌కి వెళ్ళాడు. బట్టలు ఉతకడానికి తీస్తే చిన్నోడి గులాబీ రంగు స్వెట్టర్ లేదు, అక్కదే వాడికి వేస్తుంటాం. రిసార్ట్‌కి ఫోన్ చేస్తే ఆ కుర్రాడే ఎత్తాడు. మంచం కింద దొరికిందట, కొరియర్ చేస్తానన్నాడు. ఆ ఖర్చుకి కొత్తది వస్తుంది, మీ పాపకెవరికైనా వేయమన్నాను.

"మాకు పాప లేదమ్మా, బాబే," అన్నాడు.

మాకూ బాబే కదా వేసుకున్నది, అన్నాను.