అడవి చిలుకల కోసం అయితే సిమిలిపాలా, తట్టేకాడా?

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం వైపు పక్షుల సరదా ఉన్నవాళ్లు చలికాలం మొదలవగానే అడిగే ప్రశ్న ఇది. ఊళ్లో కొబ్బరిచెట్టు మీద వాలే చిలుక కాకుండా అసలు అడవి చిలుకల్ని చూడాలంటే ఒడిశా ఉత్తరాన ఉన్న సిమిలిపాల్ పులుల అడవికి వెళ్లాలా, కేరళలో తట్టేకాడు దాకా పోవాలా? దూరం, ఖర్చు లెక్కేసి చాలామంది సిమిలిపాల్ అనేస్తారు. ఆ రెండూ తర్వాతి సంగతి. తెల్లవారి ఆరు గంటలకు మీరు అడవిలో నడుస్తూ ఉంటారా, జీపులో కూర్చుని ఉంటారా అన్నది ముందు తేల్చుకోవాలి.

ఎందుకంటే చిలుకలు రాత్రికి గుంపుగా ఒకచోట వాలి, పొద్దు పొడిచిన గంటలోపే చెదిరి మేతకు పోతాయి. అరుస్తూ, ఆకాశం మీద ఆనవాలు పట్టేలా ఎగిరేది ఆ కాసేపే. మేత చెట్టెక్కాక నోరు మెదపవు, ఒంటి పచ్చ ఆకుల్లో కలిసిపోతుంది. కాబట్టి ముందు చెవి, తర్వాతే కన్ను. పెద్ద చిలుక (అలెగ్జాండ్రిన్ ప్యారకీట్ అనే జాతి) గొంతు బొంగురు, మన ఊరి చిలుక అరుపు కంటే బరువు. ఎర్రతల చిలుక 'టుయ్ టుయ్' అని తియ్యగా అంటుంది. పిచ్చుకంతే ఉండే, తోక పొట్టి చిట్టి చిలుక (14 సెంటీమీటర్లే) సన్నగా 'చీచీచీ' అంటూ తల మీంచి దూసుకుపోతుంది. ఇంజిను మోతలో ఇవేవీ వినపడవు. డ్రైవరు కళ్లు పులి అడుగుల మీదుంటాయి, ఆ తప్పు అతనిది కాదు, అందరూ అడిగేది అదే కదా.

రెండోది చెట్టు. ఫిబ్రవరి, మార్చిలో బూరుగు, మోదుగ పూస్తాయి, ఆపైన ఇప్ప. తేనె కోసం చిలుకలు వాటి మీదే పడతాయి. మిగతా రోజుల్లో పండిన మర్రి, రావి, మేడి చూసుకోవాలి. చెట్టు కింద సగం కొరికిన పూలు, తొక్కలు తాజాగా రాలి ఉంటే పైన చిలుకలున్నట్టే. ముందురోజు సాయంత్రమే గైడుతో తిరిగి అలాంటి చెట్టు ఒకటి పెట్టుకుని, తెల్లవారుజామున సూర్యుడు వీపు వైపు ఉండేలా నిలబడాలి. ఎదురెండలో చిలుకలన్నీ నల్లగానే కనిపిస్తాయి, జాతి చెప్పలేరు. ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8×42 బైనాక్యులర్ చాలు. పది రెట్లది తీసుకుంటే చెయ్యి వణుకు కూడా పది రెట్లవుతుంది, పైగా చూపు మేర తగ్గి ఎగిరే పక్షి దొరకదు.

ఈ లెక్కన సిమిలిపాల్‌లో పగటి సఫారీ చిలుకల వరకు దండగ. పీఠాబటా గేటు తెరిచి, కాగితాలు చూసి, బళ్లు వరసలో లోపలికి వెళ్లేసరికి ఆ గంట కాస్తా అయిపోతుంది. వెళ్తే అటవీశాఖ నేచర్ క్యాంపుల్లో, అదీ జాముఆణి, గుర్గురియా లాంటి లోపలివాటిలో రాత్రి ఉండాలి. అప్పుడు తెల్లవారేసరికి మీరు అడవిలోనే ఉంటారు, క్యాంపు ఆవరణ అంచున నిలబడినా సాల చెట్ల మీదుగా గుంపులు పోతుంటే చూడొచ్చు. కాని కోర్ అడవిలో (పులుల కోసం కాపాడే లోపలి భాగం) కాలినడకకు వీల్లేదు, ఆవరణ దాటాలంటే మళ్లీ జీపే. జూన్ మధ్య నుంచి అక్టోబర్ చివరి దాకా మూసేస్తారు. బరంపురం నుంచి బాలేశ్వర్‌కు రైలు, అక్కడి నుంచి బారిపదకు అరవై కిలోమీటర్ల రోడ్డు.

తట్టేకాడు అభయారణ్యం పెరియార్ ఒడ్డున 25 చదరపు కిలోమీటర్లు, 1983లో ఏర్పడింది. సిమిలిపాల్ పక్కన పెడితే పిసరంత. కాని అక్కడ పనంతా నడకే. చుట్టూ హోమ్‌స్టేలున్నాయి, పక్షుల గొంతులు తెలిసిన గైడులు దొరుకుతారు. చీకటితోనే టీ ఇచ్చి బయల్దేరదీస్తారు. అడవి మీదుగా దూరం చూపు ఆనే రాతిబండ ఎక్కి నిలబడితే మలబార్ చిలుకలు కంటికి సమానంగా ఎగురుతూ పోతాయి. పడమటి కనుమలు దాటి ఇంకెక్కడా పుట్టని పక్షి అది. రెక్క నీలం, తోక చివర పసుపు, మగదానికి పైముక్కు ఎరుపు, ఆడదానికి నలుపు. చిట్టి చిలుక, ఎర్రతల చిలుక కూడా అక్కడే దొరుకుతాయి. రాయగడ వాళ్లకు బొకారో ఎక్స్‌ప్రెస్ ఉండనే ఉంది. దాదాపు ముప్పై గంటలు కూర్చుంటే ఆలువలో దించుతుంది, అక్కడి నుంచి కోతమంగళం మీదుగా రోడ్డు. వాన పడితే జలగలు. మోకాలి దాకా వచ్చే జలగ మేజోళ్లు, కాస్త ఉప్పు పట్టుకెళ్లండి.

అందుకే ఒక్క ప్రయాణానికే సెలవు దొరికేవాళ్లకు తట్టేకాడే చెబుతాను. ఒక్క మెలిక ఉంది: పెద్ద చిలుక అక్కడ లేదు. భుజం మీద ఎర్ర మచ్చ, అరవై సెంటీమీటర్ల దాకా పొడవు, అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ 'ముప్పు అంచున' అని రాసుకున్న ఆ పక్షే కావాలంటే సిమిలిపాల్ లోపలి క్యాంపుకి మారు లేదు. ఫిబ్రవరిలో వెళ్లండి. అప్పుడది ముసలి చెట్ల తొర్రల్లో గుడ్లు పొదుగుతూనో పిల్లల్ని మేపుతూనో ఉంటుంది. తొర్ర కనిపిస్తే దూరంగా ఉండండి, ఫొటోతో పాటు చోటు పేరు ఎక్కడా పెట్టకండి. పిల్లల్ని దించుకుపోయేవాళ్లు వెతికేది అలాంటి సమాచారమే. పంజరంలో చిలుకను పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమని మన ఊళ్లలో ఇంకా చాలామంది ఒప్పుకోరు, అది వేరే గొడవ.

మిగతావి క్లుప్తంగా. కంధమాల్‌లోని మందాసరు మనకు దగ్గర, నడవొచ్చు, అడవీ బాగుంటుంది, కాని ఫలానా చిలుక కోసమే అయితే భరోసా లేదు. సిరొంచ, చంద్రపూర్ వాళ్లకు తాడోబా చేరువే గాని అది జీపుల అడవి, చిలుక దారిలో కనిపిస్తే కనిపించినట్టు. అండమాన్‌లో పొడుగుతోక చిలుక, పెద్ద చిలుక రెండూ ఉన్నాయి, విమానం ఖర్చు పెట్టుకోగలిగితే.

ఎక్కడ గది తీసుకున్నా డబ్బు కట్టకముందే ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: పొద్దున్న ఎన్ని గంటలకు కాలినడకన బయటికి వదులుతారు, ఒక కిలోమీటరులోపు ఇప్పుడు ఏ చెట్టు పూతలో ఉంది, వెంట వచ్చేది పక్షుల గైడా లేక డ్రైవరా. రెండో ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పినవాళ్ల దగ్గర గది తీసుకోండి. ఒడిశా అడవిలో ఉండేట్టయితే మీ సొంత దోమతెర పట్టుకెళ్లండి, నిండు చేతుల చొక్కా వేసుకోండి. తిరిగొచ్చాక కొన్ని నెలల్లోపు ఎప్పుడు జ్వరం తగిలినా అడవికి వెళ్లొచ్చిన సంగతి డాక్టరుకు చెప్పి మలేరియా పరీక్ష చేయించుకోండి.