పాంట్‌కసిల్తె మీదుగా పడవలో మూడు రాత్రులు

మాది కోనసీమలో పి.గన్నవరం పక్క పల్లె. కింద వైనతేయ పాయ, పైన పంటకాలువ పారే అక్విడక్టు చూస్తూ పెరిగినవాళ్ళం. నది మీద కాలువంటే మాకు వింత కాదు. మొన్న సెప్టెంబరులో నాన్న బర్మింగ్‌హామ్‌లో మా ఇంటికొచ్చినప్పుడు లండన్ కంటే ముందు వేల్స్‌లో, పాంట్‌కసిల్తె అనే చోట ఇలాగే నది మీదుగా పారే లాంగోలెన్ కాలువకి తీసుకెళ్ళింది అందుకే. నాన్న, నేను, మా ఆవిడ, పదేళ్ళ మా అబ్బాయి, అద్దెకి తీసుకున్న ఒక నేరోబోటు.

నేరోబోటంటే పేరుకు తగ్గట్టే సన్నటి పడవ. వెడల్పు 7 అడుగులు కూడా ఉండదు, పొడవు మాత్రం రెండు బస్సులంత. లోపల వంటగది, స్నానాలగది, పడకలు అన్నీ వరసగా ఒకదాని వెనక ఒకటి. నడపడానికి లైసెన్సు అక్కర్లేదు. గంటకి 4 మైళ్ళు మించకూడదు, అంటే గట్టు మీద నడిచేవాళ్ళు మనతో కబుర్లు చెప్తూ రావచ్చు. మూడు రాత్రులకి మాకు వెయ్యి పౌండ్లకు కాస్త తక్కువ పడింది. నలుగురికి, అదీ వంట మనమే చేసుకునే వీలుతో, ఇది మంచి ధరే.

సేవల విషయంలో మాత్రం ఒక అసంతృప్తి ఉంది. చర్క్ దగ్గర పడవ అప్పగించిన మనిషి ఇరవై నిమిషాల్లో పాఠం ముగించేశాడు. చుక్కాని పిడి ఎటు తిప్పితే ముక్కు దానికి ఎదురు తిరుగుతుందన్నది మాకు బుర్రకెక్కేలోపు రెండు సార్లు గట్టుకి గుద్దుకున్నాం. మొదటిసారి వెళ్ళేవాళ్ళు "ఇంకోసారి చూపించండి" అని నిలబడి అడగండి, మొహమాటపడొద్దు. నీళ్ళ ట్యాంకు ఎక్కడ నింపాలో, మరుగుదొడ్డి తొట్టి ఎప్పుడు ఖాళీ చేయించాలో కూడా అప్పుడే అడిగేయండి. దారిలో కుళాయిల దగ్గర నీళ్ళు పట్టుకోడానికి డబ్బు తీసుకోరు.

మొదటి రాత్రి ఫ్రాన్‌కసిల్తె ఊరి దగ్గర పడవ కట్టాం. తెల్లారి పప్పుచారు పొయ్యి మీద పెట్టి బయల్దేరితే, పది నిమిషాల్లో అక్విడక్టు మొదలైంది.

పాంట్‌కసిల్తె అక్విడక్టుని 1795లో మొదలుపెట్టి 1805లో పూర్తిచేశారు. థామస్ టెల్ఫోర్డ్, విలియం జెస్సప్ కట్టించారు. 18 రాతి స్తంభాలు, వాటి మీద పోత ఇనుప తొట్టి, పొడవు 307 మీటర్లు, డీ నది మీద ఎత్తు 38 మీటర్లు. ఒక పక్క కాలిబాట, దానికి కటకటాలు. రెండో పక్క ఏమీ లేదు. తొట్టి అంచు నీటి మీద జానెడే కనపడుతుంది, ఆ తర్వాత గాలి. పడవ వెనక నిలబడి పక్కకి చూస్తే చెట్ల కొనలు పాదాల కింద ఉంటాయి. మా ఆవిడ లోపలికెళ్ళి కూర్చుంది. నాన్న మాత్రం అంచుకి ఆనుకుని, పడవ అవతలి ఒడ్డు చేరేదాకా కదల్లేదు.

ఇనుప పలకల అతుకుల్లో చక్కెర పాకంలో ముంచిన ఫ్లానెల్ గుడ్డ కుక్కారనీ, స్తంభాల సున్నంలో ఎద్దు రక్తం కలిపారనీ ఇక్కడ చెప్తారు. అది వినగానే నాన్న, "మనవాళ్ళు సున్నంలో బెల్లం, కరక్కాయ కలిపేవోళ్ళు కదరా" అన్నారు. ఆ మాటతో నాకు ఈ దేశం ఒక్కసారి దగ్గరైపోయింది.

అవతల ట్రెవర్ దగ్గర ఎడమకి గట్టిగా తిరగాలి. అక్కణ్ణుంచి లాంగోలెన్ దాకా కాలువ సన్నం. కొన్ని చోట్ల ఒక్క పడవే పడుతుంది, కాబట్టి ఒకరు ముందు దిగి నడిచి, ఎదురు పడవ లేదని చెయ్యి ఊపాలి. మా అబ్బాయికి దొరికిన ఉద్యోగం అదే. నీరు ఎదురు పారుతుంది కనక ఇంజను మొరాయిస్తున్నట్టు అనిపిస్తుంది, కంగారు పడొద్దు.

ఆ పారే నీరే ఈ కాలువ ప్రాణం నిలబెట్టింది. 1944లో చట్టం చేసి దీనిమీద పడవల రాకపోకలు ఆపేశారు. అయినా పూడ్చలేదు, ఎందుకంటే డీ నది నీళ్ళు దీని గుండానే హర్ల్‌స్టన్ జలాశయానికి వెళ్ళి ఊళ్ళ దాహం తీరుస్తాయి. ఈలోగా 1946లో ఇన్లాండ్ వాటర్‌వేస్ అసోసియేషన్ పుట్టి దేశమంతా కాలువల కోసం గొంతెత్తింది. పడవలు మళ్ళీ వచ్చాయి. 2009లో అక్విడక్టుతో సహా 18 కిలోమీటర్ల కాలువని యునెస్కో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

లాంగోలెన్‌లో చిన్న రుసుము కట్టి రెండో రాత్రి ఉన్నాం. మూడు మజిలీల్లో సౌకర్యంగా ఉన్నది ఇదే, కరెంటు కూడా దొరుకుతుంది. ఇక్కణ్ణుంచి ముందుకి ఇంజను పడవలు పోనివ్వరు. గుర్రం లాగే పడవ ఉంది, లేదా టెల్ఫోర్డ్ కట్టించిన హార్స్‌షూ ఫాల్స్ దాకా గట్టు వెంట నడవొచ్చు. నడకే బాగుంటుంది. లాడం ఆకారంలో ఒంపు తిరిగిన ఆ చిన్న ఆనకట్ట దగ్గర నాన్న అరగంట కూర్చున్నారు. ధవళేశ్వరం చూసిన కళ్ళకి అది బొమ్మంత. అయినా "పని అదే కదా" అన్నారు.

మూడోరోజు వెనక్కి వచ్చి చర్క్ సొరంగం, చర్క్ అక్విడక్టు దాటితే ఇంగ్లండులో పడ్డాం. ఇంకొంచెం దూరంలో న్యూ మార్టన్ లాకులు రెండు. లాకంటే నీటి మట్టం పెంచీ తగ్గించీ పడవని ఎక్కించి దించే తలుపుల తొట్టి. లాకు తలుపు దూలానికి వీపు ఆనించి నెట్టడం నాన్నకి ఎవరూ నేర్పలేదు. కొబ్బరికాయల పడవలు లాకులు దాటడం చిన్నప్పుడు చూసిన మనిషి. పైనుంచి చూస్తున్న వాలంటీరు ఒకాయన దిగొచ్చి పలకరించారు. 2012 నుంచి ఇక్కడి కాలువల్లో చాలావరకు చూసుకుంటున్నది కెనాల్ అండ్ రివర్ ట్రస్టు, దానికి ఇలాంటి వాలంటీర్లే బలం. ఈయన రిటైరైన బడి మాస్టారు.

1995లో ఏర్పడిన ఇన్లాండ్ వాటర్‌వేస్ ఇంటర్నేషనల్ అనే సంస్థ గురించి ఆయనే చెప్పారు. ఆ సంస్థ ఆధ్వర్యంలో ప్రపంచ కాలువల సదస్సు ఒక్కో ఏడాది ఒక్కో చోట జరుగుతుందట. 2016లో స్కాట్లండులోని ఇన్వర్నెస్‌కి ఆయన వెళ్ళారు. 2018లో ఐర్లండులో ఆథ్లోన్, 2019లో చైనాలో యాంగ్జౌ. పూడిక తీసే ఖర్చు ఎలా పుట్టించాలి, గుర్రపుడెక్కతో ఏం చెయ్యాలి, పర్యాటకుల్ని ఎలా రప్పించాలి, ఇవన్నీ ఒకరినుంచి ఒకరు నేర్చుకుంటారట. నాకు ఈర్ష్య కలిగింది. మన కాకినాడ–పుదుచ్చేరి కాలువలని 2008లోనే నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. 2020లో మన కర్నూలు–కడప (కె.సి.) కెనాల్‌కి అంతర్జాతీయ నీటిపారుదల సంఘం వారసత్వ కట్టడాల జాబితాలో చోటు దక్కింది. అలాంటి గుర్తింపు మన ఊరి కట్టడానికీ రావాలని నా కోరిక.

గన్నవరం గురించి ఆయనకి చెప్పాను. 1850ల్లో కాటన్ దొర హయాంలో కట్టింది, 49 ఖానాలు (స్తంభాల నడుమ కమానులు), పొడవులో పాంట్‌కసిల్తెకి రెట్టింపు పైనే. ఇప్పుడు పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆయన నోరు తెరిచి విని, చివరికి జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఊరి పేరు నాచేత రాయించుకున్నారు.

ఇక ఉపయోగపడే మాటలు. మే గానీ సెప్టెంబరు గానీ మంచిది, ఆగస్టులో రద్దీ. వాన కోటు తప్పదు. పడవలో రాత్రి చలి ఉంటుంది, పెద్దవాళ్ళకి ఇంకో దుప్పటి పట్టుకెళ్ళండి. మోకాళ్ళ నొప్పులుంటే ఈ పడవ మెట్లు కష్టం. అలాంటివాళ్ళు ట్రెవర్‌లో కారాపి అక్విడక్టు కాలిబాట మీద నడిస్తే చాలు, దానికి టికెట్టు లేదు.

సంక్రాంతికి ఇంటికెళ్తున్నాం. గన్నవరం ఫోటోలు పంపుతానని ఆ మాస్టారికి మాటిచ్చాను. పాత కట్టడం ఖానాలు నలభైతొమ్మిదీ లెక్కపెట్టి తీసే పని నాన్న అప్పుడే మనవడికి అప్పజెప్పేశారు.