ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్: చాలాకాలం వాడిన పాఠకుడి సమీక్ష

లండన్ ఓల్డ్ బెయిలీ న్యాయస్థానంలో 1674 నుంచి 1913 వరకు జరిగిన విచారణల ముద్రిత నివేదికలను, అంటే 1,97,000కు పైగా కేసులను, ఉచితంగా చదువుకోనిచ్చే ఈ భాండాగారాన్ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. నా ఆసక్తి పద్దెనిమిదో శతాబ్దం వరకే కనుక ఈ సమీక్ష కూడా అంతవరకే.

పేరు, నేరం, తీర్పు, శిక్ష, వీటిలో దేన్ని బట్టయినా వెతకవచ్చు. పాత పుటల చిత్రాలు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో ఒకే మనిషి పేరును పలు రకాలుగా రాసేవారు కాబట్టి ఒక్కసారి వెతికి దొరకలేదని వదిలేయకూడదు.

నన్ను ఎక్కువగా కట్టిపడేసినవి ఉరిశిక్షలు కావు, దొంగసొత్తుకు జ్యూరీ కట్టిన ధరలు. షిల్లింగుకు (అంటే 12 పెన్నీలకు) తక్కువైతే చిన్న దొంగతనం. దుకాణంలో ఎవరి కంటా పడకుండా 5 షిల్లింగుల సరుకు కాజేసినా, ఇంట్లో 40 షిల్లింగుల సొత్తు దొంగిలించినా మరణశిక్షే. అందుకే ఎంతో విలువైన సొత్తు పోయిందని ఫిర్యాది మొత్తుకున్న కేసులోనూ తీర్పు దగ్గరికి వచ్చేసరికి ‘39 షిల్లింగుల మేరకు దోషి’ అనో, ‘4 షిల్లింగుల 10 పెన్నీల మేరకు దోషి’ అనో కనిపిస్తుంది. ముద్దాయి మెడ ఉరితాడు నుంచి తప్పించడానికి జ్యూరీ తెలిసి తెలిసి వేసిన తప్పుడు లెక్క ఇది. ఆ తరవాత చాలామందికి పడేది, 1718 చట్టం ప్రకారం, అమెరికా వలసలకు ఏడేళ్ల ద్వీపాంతరవాసం. తీర్పుల్లోని ఈ ధరలను నిజమైన విలువలుగా పట్టికల్లోకి ఎక్కించేవారు మోసపోతారు.

నేరస్థుల జీవితాలు కావాలంటే విచారణ నివేదికలు చాలవు. 1724 ఆగస్టులో దొంగతనం కేసులో జాక్ షెపర్డ్ అనే దొంగపై జరిగిన విచారణ చాలా క్లుప్తంగా ఉంటుంది. అతనికి పేరు తెచ్చిన, లండన్‌లోని న్యూగేట్ జైలు నుంచి పలాయనాలు ఆ తరవాతి సంగతులు. ఆ లోటును కొంతవరకు తీర్చేవి న్యూగేట్ జైలు మతబోధకులు ఉరిశిక్ష పడ్డవారి గురించి ప్రచురించిన వృత్తాంతాలు. ఇవి కూడా ఇక్కడే దొరుకుతాయి. అయితే వాటి అమ్మకాల మీద ఆ బోధకుడికి రాబడి ఉండేదన్న సంగతి గుర్తుంచుకుని చదవాలి. ఆదివారం చర్చి ఎగ్గొట్టడంతో మొదలై, చెడు సావాసాల మీదుగా లండన్‌లో ఉరితీసే చోటైన టైబర్న్ ఉరికొయ్య దాకా సాగే కథ అన్ని జీవితాలకూ ఒకే అచ్చులో పోసినట్టుంటుంది.

కొత్తగా చదివేవారు 1725 మే నాటి జోనథన్ వైల్డ్ విచారణతో మొదలుపెట్టడం మేలు. దొంగలను పట్టించేవాడిగా పేరు పొంది, లోలోపల దొంగలనే నడిపించిన ఈ ఘనుడు, తాను పట్టించినవారి జాబితాను విచారణకు ముందు పంచిపెట్టాడు. లేసు దొంగిలించాడన్న అభియోగం వీగిపోయింది; అదే లేసును సొంతదారుకు తిరిగి ఇప్పించి 10 గినీలు (గినీ అంటే 21 షిల్లింగుల బంగారు నాణెం) పుచ్చుకున్నందుకు మాత్రం దోషిగా తేలి, మే 24న ఉరికంబమెక్కాడు.

ముద్దాయి తరఫు వాదన కోసం వెతికేవారికి నిరాశ తప్పదు. 1730ల నుంచి న్యాయవాదులు సాక్షులను అడ్డుప్రశ్నలు వేయగలిగినా, ఘోర నేరాల కేసుల్లో జ్యూరీని ఉద్దేశించి మాట్లాడే హక్కు వారికి 1836లో గాని దక్కలేదు. అందువల్ల ప్రాణం మీదికొచ్చిన కేసులో కూడా ముద్దాయి గోడు చాలాచోట్ల ఒక్క వాక్యంతో ముగిసిపోతుంది.