మికు చేత తెలుగు పాడించబోయి ఆరేళ్లు

మొదటి రోజు ఏం జరిగిందో ముందు చెప్తాను. నేనే కట్టుకున్న చిన్న ట్యూన్, అందులో ‘పిల్ల’ అనే మాట ఉంది. కంప్యూటర్‌లో స్వరాల నోట్లు పెట్టి, కింద అక్షరాలు కొట్టి ప్లే నొక్కాను. హత్సునే మికు ఏమాత్రం తడబడకుండా, శృతి తప్పకుండా, తీయగా ‘పిర్ర’ అని పాడింది. స్పీకర్లు ఆన్‌లో ఉన్నాయి, పక్క గదిలో అమ్మ ఉంది. “ఏం పాటలురా అవి?” అన్న కేక వినపడింది.

తప్పు ఆ పిల్లది కాదు లెండి. జపనీస్‌లో మన ‘ల’ లేదు, ‘ర’కీ ‘ల’కీ మధ్య నాలుక ఒక్కసారి తగిలి వదిలే శబ్దం ఒకటుంది, రెండిటికీ అదే. కల అంటే కర, చల్లగా అంటే చర్రగా.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మికు అంటే నీలం జడల బొమ్మ మాత్రమే కాదు, ముందు అదో సాఫ్ట్‌వేర్. సప్పోరోలోని క్రిప్టాన్ ఫ్యూచర్ మీడియా 2007 ఆగస్టు 31న విడుదల చేసింది, అప్పట్లో యమహా వాళ్ల వోకలాయిడ్ ఇంజిన్ మీద. గొంతు సకి ఫుజితా అనే వాయిస్ యాక్టర్‌ది. ఆవిడ చేత శబ్దాలు రికార్డు చేయించి, ఒక శబ్దం నుంచి ఇంకో శబ్దంలోకి జారే చోట్లతో సహా ముక్కలు చేసి పెట్టుకున్నారు, మనం నోటు, అక్షరం ఇస్తే ఇంజిన్ ఆ ముక్కల్ని అతికి పాడుతుంది. ఇక పాత్ర అంటారా, కంపెనీ చెప్పింది చాలా కొంచెం: వయసు 16, ఎత్తు 158 సెంటీమీటర్లు, బరువు 42 కిలోలు, నప్పే టెంపో 70 నుంచి 150, నప్పే స్థాయి ఏ3 నుంచి ఈ5 (ఇవి పాశ్చాత్య సంగీతంలో స్వరాల పేర్లు). కథ లేదు. మిగతాదంతా జనం కల్పించుకున్నదే, చేతిలో ఉల్లికాడతో సహా.

ఆ ఏ3, ఈ5 సంగతి మనవాళ్లకు బాగా పనికొస్తుంది. ఆరు శృతిలో షడ్జం పెట్టుకుంటే తార పంచమం దాకా హాయిగా వెళ్తుందన్నమాట. మంద్రంలోకి దించితే మాత్రం గొంతు మసకబారిపోతుంది, నేను చాలాసార్లు మొండిగా దించి చూశాను, బాగుపడలేదు. పాటే పైకి ఎత్తుకోవాలి.

నేను 2018లో కొన్నది వీ4ఎక్స్ అనే వెర్షన్ బండిల్, అంటే గొంతులన్నీ కలిపిన ప్యాకేజీ. అప్పటి నా జీతానికి అది చిన్న ఖర్చు కాదు, ఇంట్లో సగం ధరే చెప్పాను. పియాప్రో స్టూడియో అనే ఎడిటర్ దాంతోపాటే వస్తుంది, అది విడిగా నడవదు, స్టూడియో వన్ లాంటి పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ లోపల ప్లగిన్‌గా తెరవాలి. జపనీస్‌లోనే ఒరిజినల్, సాఫ్ట్, సాలిడ్, స్వీట్, డార్క్ అని ఐదు రకాల గొంతులు, పైన ఇంగ్లీషు గొంతు ఒకటి. కొన్న కొత్తలో ఆ ఇంగ్లీషుది నాకెందుకులే అనుకున్నాను, కానీ నా డబ్బు గిట్టిందంటే దానివల్లే.

ఎలాగంటే, జపనీస్‌లో ‘త’ పళ్ల దగ్గర పలుకుతుంది, అచ్చం మన ‘త’. ఇంగ్లీషువాళ్ల ‘టీ’ మన చెవికి ‘ట’గానే వినపడుతుంది కదా, టేబుల్, టికెట్ అనేగా రాసుకుంటాం. ‘ల’ కూడా వాళ్ల దగ్గర సుబ్బరంగా ఉంది. అంచేత రెండు ట్రాకులు పెట్టుకుని, త, ద, చ, ర లాంటివి జపనీస్ గొంతుకీ, ట, డ, ల వచ్చే అక్షరాలు ఇంగ్లీషు గొంతుకీ పంచేస్తాను. ఇంగ్లీషులో ‘ట’ రెండు రకాలుంది, గాలి ఊదుతూ పలికేది, ఊదకుండా పలికేది. ఊదనిది తీసుకోవాలి, లేకపోతే ‘పాట’ కాస్తా ‘పాఠ’ అవుతుంది. రెండు గొంతుల రంగు అచ్చంగా ఒకటి కాదు, కలిసేచోట వాల్యూమ్ కొంచెం దించి, నోటు మొదలు ఓ వెంట్రుకవాసి ముందుకు జరిపితే చాలామంది కనిపెట్టలేరు. నేను కనిపెడతాను, అది నా ఖర్మ.

ఒత్తులకి ఇంకో చిట్కా: ‘అక్క’ కావాలంటే ‘అ’ నోటుని పొట్టిగా కోసి, చిన్న ఖాళీ వదిలి, అప్పుడు ‘క’ పెట్టాలి. ఖాళీ ఎక్కువైతే ఎక్కిళ్లలా ఉంటుంది. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి కాబట్టి జపనీస్ గొంతుకి తెలుగు చివర్లు మాత్రం బ్రహ్మాండంగా నప్పుతాయి, పదం ఆఖర్న సాగదీసే ‘ఆ’లు వింటే ప్రాణం లేచొస్తుంది. ‘ఉ’ మాత్రం పెదవులు గుండ్రంగా చుట్టకుండా పలుకుతుంది, దానికి మందు లేదు, అలవాటు పడాలి.

ణ, ళ రెండు గొంతుల్లోనూ లేవు. పూర్వం కవులు పెదవులు తగలకుండా నిరోష్ఠ్యం రాశారే, అలా నేను ణ, ళ రాకుండా పల్లవులు రాయడం నేర్చుకున్నాను. పండితుణ్ని అయిపోయానని కాదు, గతిలేక.

గమకాల గురించి అడుగుతారు కాబట్టి: స్వరాన్ని పైకీ కిందికీ జరిపే పిచ్ బెండ్ గీత మౌస్‌తో గీయాలి. దాని పరిధి పెంచుకోకపోతే గీత ఎంత పైకి లాగినా స్వరం కావాల్సినంత కదలదు, ఈ ముక్క తెలియక రెండు నెలలు పోగొట్టుకున్నాను. మోహన రాగంలో లలితమైన పాటైతే ఒక సాయంత్రంలో ఓ చరణం తెమిలిపోతుంది. తోడి రాగంలో గాంధారం జోలికి మాత్రం పోవద్దు. ఒకే ఒక్క ఊపు కోసం ఒక ఆదివారం పొద్దుట్నుంచి రాత్రిదాకా గీస్తూ చెరుపుతూ కూర్చున్నాను, ఆఖరికి వచ్చింది గమకం కాదు, చలికి వణుకు.

ఇప్పుడొస్తున్న ఏఐ గొంతుల పక్కన పెడితే ఇది పాతబడిందన్నమాట నిజమే. క్రిప్టాన్ వాళ్లే 2020లో యమహా ఇంజిన్ వదిలేసి సొంత ఇంజిన్‌తో ఎన్‌టీ అనే మికు తెచ్చారు. పాట టైపు చేస్తే నిమిషంలో తెలుగులో పాడేసే ఏఐలు నేనూ వాడి చూశాను. వినడానికి నున్నగా ఉంటాయి, కానీ రెండో చరణంలో ఆ ఒక్క ‘రా’ దగ్గర ఊపిరి కొంచెం పెంచు అంటే వినలేదు, పాటంతా మళ్లీ కొత్తగా పాడి ఇచ్చాయి. మికు దగ్గర ఊపిరికి వేరే గీత, నోరు ఎంత తెరవాలో దానికి వేరే గీత. నిన్న ఎక్కడ ఎలా పెట్టానో ఇవాళా అలాగే ఉంటుంది.

పాట అమ్ముకోవడానికి గొంతు వాడుకోవచ్చు. మికు బొమ్మ పెట్టి డబ్బు చేసుకోవాలంటే మాత్రం కంపెనీ నియమాలు వేరే ఉన్నాయి, యూట్యూబ్‌లో పెట్టుకునేవాళ్లు అవి చూసుకోండి.

కొనమంటావా అంటే, వెంటనే తెలుగు పాట కావాల్సినవాళ్లు కొనొద్దు, నాలుగు నిమిషాల పాటకి నాకిప్పటికీ మూడు వారాలు పడుతోంది. ముందు ఉచితంగా దొరికే ఉటావు అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ మీద నెల రోజులు చేయి తిప్పి చూడండి, ఆ నోట్లూ అక్షరాలూ అతికే పని విసుగు పుట్టించకపోతే అప్పుడు ఇటు రండి. వస్తే ఇంగ్లీషు గొంతు కూడా ఉన్న బండిల్ మాత్రమే తీసుకోండి.

పోయిన నెల ఒకటి పూర్తి చేశాను. అమ్మ పూర్తిగా విని, “బానే పాడింది, ఏ ఊరమ్మాయి?” అంది. జపాన్ అన్నాను. “అదీ, ఆ యాస చూసే అనుకున్నా” అంది. ఆ పాటలో ‘సాయంకాలం వేళ’ అని ఉండాల్సిన చోట ‘సాయంత్రం పూట’ అని ఉంది, అది మాత్రం అమ్మకి చెప్పలేదు.