ఆరు హార్డ్‌డిస్కులకు ఏ క్యాబినెట్ మేలు?

"300 మిల్లీమీటర్ల గ్రాఫిక్స్ కార్డు ఉంది, ఫొటోలూ వీడియోలూ నిండిన హార్డ్‌డిస్కులు ఐదారున్నాయి. కొత్త కంప్యూటర్ క్యాబినెట్ ఏది తీసుకోమంటారు?" ఈ మధ్య తరచూ ఎదురవుతున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్లు సాధారణంగా రెండు పేర్లు ముందే అనుకుని ఉంటారు: కోర్సైర్ 4000డీ ఎయిర్‌ఫ్లో, ఫ్రాక్టల్ మెషిఫై 2. చప్పుడు గిట్టనివాళ్లు ఫ్రాక్టల్ డిఫైన్ 7 కూడా కలుపుతారు. డిస్కులు రెండే అయితే 4000డీ తెచ్చుకోండి, తల బద్దలు కొట్టుకోనక్కర్లేదు. రెండు దాటితేనే చిక్కు.

4000డీలో 360 మిల్లీమీటర్ల కార్డు, 170 మిల్లీమీటర్ల ఎత్తున్న సీపీయూ కూలర్ పడతాయి. ముందంతా జాలీ కాబట్టి కార్డుకు గాలి బాగా తగులుతుంది. ధరకు తగ్గ సరుకే. కానీ 3.5 అంగుళాల డిస్కులకు చోటు రెండింటికే. అదీ ఎస్‌ఎంపీఎస్‌ను (కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా) కప్పే అడుగు గూట్లో. క్యాబినెట్‌తో వచ్చే ఫ్యాన్లు రెండూ 120 మిల్లీమీటర్లవే, ముందొకటి, వెనకొకటి. ముందు ఫ్యాన్‌ను కార్డుకు ఎదురుగా పైన బిగిస్తే ఆ గాలి గూట్లోకి పోదు. మిగిలిపోయిన కేబుళ్లను కూడా ఆ గూట్లోనే కుక్కుతాం కాబట్టి డిస్కులకు ఊపిరాడదు. 4000డీలోనే డిస్కులు పెట్టాలంటే ముందు వరసలో అట్టడుగున ఇంకో ఫ్యాన్ కొని పెట్టాల్సిందే.

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతారు. చల్లదనం అంటే కార్డుదీ సీపీయూదీ మాత్రమే అనుకుంటారు. 3.5 అంగుళాల డిస్కు ఒక్కోటి తిరుగుతూ ఖాళీగా ఉంటే 4, 5 వాట్లు, పనిలో ఉంటే 6 నుంచి 8 వాట్లు తింటుంది. ఆరు కలిపినా కార్డు తినేదాంట్లో చిన్న వాటా. కాకపోతే డిస్కుకు హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు రెక్కలు) లేదు, వేడి దాని ఒంటి మీంచే పోవాలి. గాలి జోరుగా వీయక్కర్లేదు, తగిలితే చాలు. ఏసీ లేని గదిలో మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీలుంటే, ఎదురుగా ఫ్యాన్ ఉన్న డిస్కు 45 దగ్గర నిలబడుతుంది. ఒకదానికొకటి ఆనించి గాలి లేకుండా పెట్టిన డిస్కులు 55 దాటిపోతాయి. తయారీదార్లు చాలా డిస్కులకు రాసే హద్దు 60 లేదా 65.

అందుకే నా మొగ్గు మెషిఫై 2 వైపే. ఇందులో లోపలి నిలువు ప్లేటు విప్పి చోటు మారిస్తే ముందు ఫ్యాన్ల వెనకాలే డిస్కులు పెట్టే ట్రేల వరస నిలుస్తుంది. 11 ట్రేల దాకా పడతాయి, పెట్టెలో ఆరు వస్తాయి. మిగతావి టైప్-బీ ట్రే కిట్ పేరుతో రెండేసి చొప్పున అమ్ముతారు. స్థానికంగా దొరకడం కష్టం కావచ్చు కాబట్టి క్యాబినెట్‌తో పాటే తెప్పించుకోవడం మంచిది. ఫ్యాన్లు మూడు, అన్నీ 140 మిల్లీమీటర్లవే: ముందు రెండు, వెనక ఒకటి. ప్లేటు మార్చే పని మదర్‌బోర్డు బిగించక ముందే చేయండి, తర్వాతైతే చేయి దూరదు. ఈ అమరికలో కార్డు పొడవు 315 మిల్లీమీటర్లకు మించకూడదు. మీ 300 కార్డు సరిపోతుంది. ఈ మధ్య వస్తున్న మూడు ఫ్యాన్ల పెద్ద కార్డుల్లో కొన్ని పట్టవు. సీపీయూను నీటితో చల్లబరిచే లిక్విడ్ కూలర్ ఉంటే దాని రేడియేటర్‌ను క్యాబినెట్ పైభాగానికి మార్చుకోవాలి.

ఆరు డిస్కులను కింది నుంచి వరసగా కుక్కేయకండి. 140 ఫ్యాన్ ఒక్కోటి దాదాపు నాలుగు ట్రేల ఎత్తు కాస్తుంది. ఫ్యాన్‌కు మూడు చొప్పున పంచి, మధ్యలో ఒక ట్రే ఖాళీ వదలండి. ఆ ఖాళీలోంచే కార్డుకూ గాలి వెళ్తుంది. అవును, ట్రేలు అడ్డొచ్చి కార్డు ఒకట్రెండు డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. దాని కోసం డిస్కులను మాడబెట్టడం తెలివైన బేరం కాదు.

ఇంత చేసినా డిస్కులు వేడెక్కుతున్నాయంటే తప్పు బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగుల తెర) వెతకండి. ముందున్న ఫ్యాన్లను మదర్‌బోర్డు సీపీయూ వేడిని బట్టి తిప్పుతుంది. రెండు టెరాబైట్ల ఫైళ్లు ఒక డిస్కు నుంచి ఇంకో డిస్కుకు కాపీ అవుతున్నప్పుడు సీపీయూకు పెద్దగా పనుండదు, ఫ్యాన్లు నెమ్మదిస్తాయి. సరిగ్గా అప్పుడే ఆ రెండు డిస్కులూ గంటల తరబడి శ్రమపడుతుంటాయి. ముందు ఫ్యాన్ల కనీస వేగం 50 శాతం దగ్గర కట్టేయండి. లేదా విండోస్‌లో ఫ్యాన్‌కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాంతో డిస్కు వేడికే ముడిపెట్టండి. డిస్కు వేడి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాంలో కనిపిస్తుంది. లినక్స్ వాళ్లు స్మార్ట్‌సీటీఎల్ అనే కమాండ్‌లో 194వ వరస చూడండి.

డిఫైన్ 7 కూడా ఇదే చట్రం, ఇవే ఆరు ట్రేలు. ముందు జాలీకి బదులు మెత్త అతికించిన తలుపు. పడగ్గదిలో రాత్రంతా నడిచే మిషన్ అయితే డిస్కుల గరగర తగ్గుతుంది కాబట్టి అర్థముంది. ఎండాకాలం వేడికి ఆ తలుపు తీసే ఉంచాల్సి వస్తే కొన్న ప్రయోజనం ఏముంది? మెషిఫైకి మాత్రం దుమ్ము బెడద. రోడ్డు పక్క ఇల్లయితే రెండు మూడు వారాలకోసారి ముందు ఫిల్టర్ తీసి దులపాలి.

ఫ్రాక్టల్ నోడ్ 804 చిన్న ఘనాకారపు డబ్బా. రెండు కేజ్‌లలో ఎనిమిది డిస్కులు వేలాడతాయి. కాకపోతే మదర్‌బోర్డు మైక్రో ఏటీఎక్స్ అనే చిన్న సైజుది అయితేనే పడుతుంది. గేమింగ్ కార్డుతో కలిపి వాడటానికి నేను సిఫారసు చేయను.

పాత క్యాబినెట్ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుంటుంటే ట్రే రంధ్రాలు చూడండి. ఎక్కువ సామర్థ్యమున్న కొత్త డిస్కుల్లో చాలావాటికి అడుగున మధ్య రంధ్రాలు ఉండవు. పాత ట్రేలో రెండు మరలే పడతాయి, డిస్కు వణికి మోగుతుంది.

కేబుళ్ల సంగతి కూడా ముందే చూసుకోవాలి. ట్రేలు దగ్గరగా, ఎస్‌ఎంపీఎస్ నుంచి డిస్కులకు కరెంటు తెచ్చే సాటా పవర్ కేబుల్ మీది కనెక్టర్లు దూరదూరంగా ఉంటాయి కాబట్టి మధ్యలో తీగ ఉబ్బి పక్క డోరుకు తగులుతుంది. ఆ ఒత్తిడికి కనెక్టర్ వదులైతే డిస్కు ఉన్నట్టుండి మాయమవుతుంది. ఆరు డిస్కులను రెండు వేర్వేరు కేబుళ్లకు పంచండి, ఎందుకంటే తిరగడం మొదలయ్యే క్షణంలో ఒక్కోటి 12 వోల్టుల మీద 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. కనెక్టర్లు చాలకపోతే ఎస్‌ఎంపీఎస్ కంపెనీ సొంత కేబులే ఇంకోటి కొనండి. అచ్చుపోసిన ప్లాస్టిక్‌తో వచ్చే చవక మోలెక్స్-సాటా అడాప్టర్ల (పాత రకం పవర్ ప్లగ్గును సాటాగా మార్చేవి) జోలికి పోవద్దు. లోపల తీగలు ఒకదానికొకటి తగిలి అంటుకునేవి అవే.