మాంచెస్టర్‌లో స్నానాల గొడవ

మాంచెస్టర్ పిక్కడిల్లీ స్టేషన్ నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక లాడ్జిలో దిగాం. పేరు రాయను. ముగ్గురికీ కలిపి ఒక గది, రాత్రికి 78 పౌండ్లు, తాళంచెవికి మరో 20 డిపాజిట్. బాత్రూం వరండా చివర, ఆ అంతస్తు మొత్తానికీ ఒకటే. ఇదంతా బుకింగ్‌లో రాసే ఉంది కాబట్టి ఒప్పుకోవాలి. రాయనిది టవల్ అద్దె. మనిషికి 3 పౌండ్లు, రోజుకి! కౌంటర్‌లో కుర్రాడు కంప్యూటర్ మీంచి తలెత్తకుండానే చెప్పాడు. వేల కిలోమీటర్లు దాటి వస్తూ సంచీ నిండా కందిపొడి, గోంగూర పచ్చడి సర్దుకున్నాం గానీ తువ్వాళ్ళు తెచ్చుకోవాలని ఎవరికి తడుతుంది?

మా వదినకి (మావారి అక్కయ్య) మోకాళ్ళ నొప్పులు. వేడినీళ్ళు పడందే ఆవిడకి తెల్లవారదు. ఆ బాత్రూంలో షవర్ తిప్పితే కాసేపు గోరువెచ్చగా, ఆ తర్వాత ఐసులా వచ్చాయి. కిందికెళ్ళి అడిగితే "పైన చాలామంది వాడుతున్నారు, కాసేపాగండి" అన్నారు. ఎంతసేపని? చివరికి గదిలో టీ కాచుకోవడానికి పెట్టిన కెటిల్‌తో నీళ్ళు కాచి, ఒక్కో కెటిల్ నేను మోసుకెళ్ళి ఇస్తుంటే, ఆవిడ కాఫీ కప్పుతో పోసుకున్నారు. "ఇంగ్లండులో కాఫీ కప్పుతో స్నానం చేసింది నేనొక్కదాన్నేనేమోనే" అన్నారు బయటికొచ్చి. నవ్వుతూ అన్నారని అనుకోకండి. మావారు మాత్రం "పాత పైపులు, ప్రెజర్ లేదు" అంటూ లాడ్జివాళ్ళ తరఫున మాట్లాడారు. ఆయన మున్సిపల్ నీటి సరఫరా విభాగంలో పనిచేసి రిటైరయ్యారు మరి. ఆ పూట అక్కాతమ్ముళ్ళకి మాటల్లేవు.

అసలు మేం ఆ ఊరు వెళ్ళింది ఆయన కోసమే. విక్టోరియా బాత్స్ అనే పాతకాలపు స్నానశాల చూడాలని ఆయన సరదా. హాథర్‌సేజ్ రోడ్డులో ఉంది, ఊరి మధ్య నుంచి బస్సు టికెట్ మాకు మనిషికి 2 పౌండ్లు పడింది. ఎర్ర ఇటుక, లేతరంగు పట్టీలతో చారల చారలుగా ఉన్న ఆ బిల్డింగ్ చూసి వదిన చర్చి అనుకున్నారు. స్నానశాల అంటే నమ్మలేదు. పేరు విక్టోరియాదే గానీ తెరిచింది 1906లో, రాణి పోయిన అయిదేళ్ళకి. నగర ఆర్కిటెక్ట్ హెన్రీ ప్రైస్ డిజైన్ చేశాడు, అప్పట్లో 59,144 పౌండ్లు ఖర్చయ్యాయట. ఆనాటి మేయర్ దీన్ని 'జల భవనం' అన్నాడంటే ఊరికే అనలేదు. లోపల గోడలకి ఆకుపచ్చ టైల్స్, నేల మీద మొజాయిక్‌లో చేపలు, కిటికీలకి రంగుటద్దాలు. ఇంట్లో కుళాయి, స్నానాల గది లేని మిల్లు కూలీలు కూడా వచ్చే చోటికి ఇంత పనితనం! మా జంట నగరాల్లో ఫంక్షన్ హాళ్ళకి కూడా ఇంత శ్రద్ధ పెట్టరు.

కానీ గుమ్మాలు మూడు. ఒకదాని మీద మగవాళ్ళు ఫస్ట్ క్లాస్, ఇంకోదాని మీద మగవాళ్ళు సెకండ్ క్లాస్, మూడోదాని మీద ఆడవాళ్ళు అని రాతిలో చెక్కి ఉంది. రైలు పెట్టెలకి ఉండేవి స్నానాలకీ ఉన్నాయన్నమాట. లోపల మూడు ఈత కొలనులు. గైడ్‌గా వచ్చిన పెద్దాయన ఓపిగ్గా వివరించాడు. నీళ్ళు వాళ్ళ సొంత బావిలోంచే తోడేవారు. ఆ మంచినీళ్ళు ముందు ఫస్ట్ క్లాసు కొలనులోకి. వాళ్ళు ఈదాక అవే సెకండ్ క్లాసుకి. ఆ తర్వాత ఆడవాళ్ళ కొలనుకి. నేను ఇది తెలుగులో చెప్పగానే వదిన నిలబడిపోయారు. "అంటే ఊళ్ళో మగాళ్ళందరూ మునిగిన నీళ్ళా?" అని గట్టిగానే అడిగారు. గైడ్‌కి భాష తెలియకపోయినా ఆ మొహం చూసి విషయం అర్థమై నవ్వేశాడు. మావారు వెంటనే ఫిల్టర్లు, నీళ్ళు నింపడానికయ్యే ఖర్చు అంటూ మొదలుపెట్టబోయి, అక్కయ్య చూపు చూసి ఆగిపోయారు.

ఆ మూడో కొలను వైపు నుంచే వచ్చిందట సన్నీ లౌరీ అనే అమ్మాయి. ఇక్కడ సాధన చేసి 1933లో ఇంగ్లిష్ ఛానల్ ఈదింది, 15 గంటలకు పైగా. మోకాళ్ళు కనిపించే ఈతదుస్తులు వేసుకుందని తిట్టిపోశారట జనం. 1993లో కార్పొరేషన్ దీన్ని మూసేస్తే, ఆవిడ ముసలితనంలో కూడా దీన్ని కాపాడాలనే వాళ్ళ పక్కన నిలబడింది. 2003లో బీబీసీ టీవీ పోటీలో జనం ఓట్లేసి దీన్ని గెలిపించాకే మరమ్మతులకి డబ్బొచ్చింది. టర్కిష్ బాత్ తప్పకుండా చూడండి. ఒకదాన్ని మించి ఒకటి వేడిగా ఉండే మూడు గదులు, చివర్లో సేదతీరే గదిలో దేవదూత బొమ్మ ఉన్న రంగుటద్దాల కిటికీ. వదిన అక్కడి బల్ల మీంచి లేవనన్నారు. బాయిలర్లు వెలిగించి ఉంటే మోకాళ్ళు కాచుకునేవారే.

నాకు అన్నిటికన్నా మనసులో పడింది గైడ్ చెప్పిన చట్టం. 1846లో పార్లమెంటు స్నానశాలల చట్టం చేసింది. ఊళ్ళు పన్ను డబ్బుతో స్నానశాలలు, చాకిరేవు గదులు కట్టుకోవచ్చని. కూలీల తరగతికి చన్నీళ్ళ స్నానం ఒక పెన్నీ, వేణ్ణీళ్ళది రెండు పెన్నీలు, అంతకు మించకూడదు. ఖరీదైన తరగతికి ఎన్ని తొట్లు ఉంటే, చవక తరగతికి కనీసం దానికి రెట్టింపు ఉండాలి. ఒక్కొక్కరికి శుభ్రమైన నీళ్ళు (ఇది విడి తొట్ల సంగతి, కొలనుది కాదు), ఆ పెన్నీలోనే ఉతికిన టవల్ కూడా! అప్పట్లో పౌండుకి 240 పెన్నీలు. మా లాడ్జి లెక్కలో మూడు పౌండ్లకి 720 చన్నీళ్ళ స్నానాలు, 720 టవళ్ళు.

మధ్యాహ్నం అక్కణ్ణుంచి రషోమ్ వైపు నడిచాం. కర్రీ మైల్ అంటారు ఆ వీధిని. మన కూరల కోసం వెళితే ఎక్కువగా అరబ్బు దేశాల హోటళ్ళే కనిపించాయి. ఆకలికి తట్టుకోలేక ఒకదాంట్లో దూరాం. నిమ్మబద్దతో పప్పు సూప్, అప్పుడే కాల్చిన రొట్టె, గిన్నె 4 పౌండ్ల 50. వదిన ఒక చెంచా నోట్లో పెట్టుకుని "ఇది మన పప్పుకట్టే" అని మొత్తం తాగి ఇంకో గిన్నె చెప్పించుకున్నారు. ఆ రెండో గిన్నెకి మాత్రం డబ్బు తీసుకోలేదు ఆ హోటలాయన. అక్కాతమ్ముళ్ళు రాజీపడింది అక్కడే.

మర్నాడు లివర్‌పూల్. రైలు గంట లోపే. సెయింట్ జార్జెస్ హాల్లో పెద్దమనుషుల పాలరాతి విగ్రహాల మధ్య కిటీ విల్కిన్‌సన్ విగ్రహం ఉంది, 2012లో పెట్టారు. ఐర్లండ్ నుంచి వచ్చిన పేద మనిషి. 1832లో కలరా వచ్చినప్పుడు వీధిలో వాళ్ళ బట్టలన్నీ తన వంటింటి బాయిలర్‌లో బ్లీచింగ్ పౌడర్ వేసి ఉతికించింది. ఆ పని చూశాకే 1842లో అక్కడ ఫ్రెడరిక్ స్ట్రీట్‌లో స్నానశాల, బట్టలుతికే గదులు కట్టారు. కొన్నేళ్ళకి ఆవిణ్ణీ భర్తనీ దానికి సూపరింటెండెంట్లుగా పెట్టారు. రెండు కెటిళ్ళు మోసినందుకే సణిగిన నేను అక్కడ కాస్త మౌనంగా నిలబడ్డాను.

ఒక్కరోజే ఉంటే లివర్‌పూల్ వదిలేసి విక్టోరియా బాత్స్ చూడండి. అయితే అది రోజూ తెరవరు, తేదీలు చూసుకుని వెళ్ళాలి. లోపల చలి, స్వెటర్ ఉండాలి. పిక్కడిల్లీ స్టేషన్ వెనక మేఫీల్డ్ పార్కుకి కూడా వెళ్ళాం, 1857 నాటి స్నానశాల పునాదులు 2020లో తవ్వకాల్లో బయటపడింది ఆ చుట్టుపక్కలే. చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు, మావారికి తప్ప. పిల్లల్ని తీసుకెళ్ళేవాళ్ళు మాత్రం విక్టోరియా బాత్స్ కొలనుల్లో మామూలుగా నీళ్ళుండవని ముందే చెప్పండి. మా ముందే ఒక పిల్లాడు ఈత చెడ్డీ, కళ్ళజోడుతో సహా దిగి, ఎండిపోయిన కొలను చూసి బిల్డింగ్ అదిరేలా ఏడ్చాడు.