సరదా ప్రేమకథ: వినాలా, చదవాలా?

తిరుపతి నుంచి చిత్తూరు దాదాపు 70 కిలోమీటర్లు. బస్సులో సరదా ప్రేమకథకు నా ఓటు ఆడియోకే. సిటీలో ఒకే గదిలో ఉండే ఇద్దరు స్నేహితురాళ్లు అద్దె గురించి, ఆఫీసు గురించి, ఎదురింటి అబ్బాయి గురించి వాదులాడుకుంటుంటే, సగం నవ్వు చదివే మనిషి గొంతులోనే ఉంటుంది. చంద్రగిరి దాటేలోపు ఆ రూమ్‌మేట్లు మనవాళ్లైపోతారు. (పక్క సీటాయన వింతగా చూస్తే చూడనీ.)

కానీ వాట్సాప్ మెసేజ్‌లతో నడిచే కథైతే ఆడియోలో తేలిపోతుంది. ఎవరు పంపారో, ఎన్ని గంటలకో అన్నీ చదివి వినిపిస్తుంటే విసుగొస్తుంది. పుస్తకంలో అవి ఇట్టే కంటికి అందుతాయి. నచ్చిన పేజీకి మళ్లీ వెళ్లొచ్చు, వాన వర్ణన దాటేయొచ్చు. కుదుపుల్లో చదివితే తల తిరుగుతుంది కాబట్టి, దాన్ని ఆదివారం మధ్యాహ్నానికి ఇంట్లోనే ఉంచుతాను.